పిల్లల పాలియేటివ్ కేర్: నర్సుకు కావలసినవేమిటి, అందనివేమిటి

"మీ బాబును ఒకసారి పాలియేటివ్ టీముకు చూపిద్దాం" అని డాక్టరు అనగానే చాలామంది తల్లిదండ్రులకు వినపడేది ఒక్కటే: ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మంటున్నారు. డాక్టరు ఆ మాట చెప్పి పక్క బెడ్డు దగ్గరికి వెళ్లిపోతారు. కాసేపటికి సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సును ఆ తల్లి ఆపి అడుగుతుంది. "సిస్టరమ్మా, అంటే కీమో ఆపేస్తారా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేంత ఆ నర్సుకు తెలుసా? తెలిసినా, చెప్పవచ్చునని ఆమెకు ఎవరైనా అన్నారా? అన్నా, అవతల ఇంకో పది బెడ్లు ఎదురుచూస్తుంటే మంచం పక్కన ఐదు నిమిషాలు కూర్చునే వీలుందా? పిల్లల వార్డు నర్సుల గురించి రాయవలసి వస్తే ఓర్పు, ప్రేమ, తల్లి మనసు అని మూడు మాటలు రాసి దండం పెట్టేయడం మనకు అలవాటు. ఆ మూడూ మన వార్డుల్లో దండిగానే ఉన్నాయి. కొరత ఉన్న సరుకు వేరే, దాని గురించి మాట్లాడుకోవడం తక్కువ.

చికిత్స ఆగాక మొదలయ్యేది కాదు

జబ్బును తగ్గించే చికిత్స ఒకటి. ఆ జబ్బు వల్లా, ఆ చికిత్స వల్లా కలిగే బాధను తగ్గించే చికిత్స ఇంకొకటి. ఈ రెండోదే పాలియేటివ్ కేర్. నొప్పి, ఆయాసం, వాంతులు, ఫిట్స్, నిద్ర పట్టకపోవడం దీని కిందికి వస్తాయి. బడి మానేసిన దిగులు, తండ్రి చేసిన అప్పు, ఊళ్లో నాయనమ్మ దగ్గర వదిలేసి వచ్చిన చెల్లెలి బెంగ కూడా వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో పిల్లల కోసం విడిగా ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఈ సేవ జబ్బు బయటపడిన రోజునే మొదలవ్వాలి, అసలు చికిత్స జరుగుతున్నా జరగకపోయినా కొనసాగాలి. కాబట్టి ఆ తల్లికి చెప్పవలసిన జవాబు: కీమో ఆగదమ్మా, రెండూ కలిసి నడుస్తాయి. కొంతమంది పిల్లలు జబ్బు నయమై, పాలియేటివ్ టీముకు టాటా చెప్పి ఇంటికి పోతారు కూడా.

ఎవరికి ఈ సేవ అవసరం అన్నదానికి బ్రిటన్‌లో చేసిన నాలుగు గుంపుల విభజన ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉంది. నయమయ్యే అవకాశం ఉన్నా విఫలం కావచ్చుననే భయం ఉన్న జబ్బులు మొదటి గుంపు, క్యాన్సర్ అందులోదే. ఏళ్ల తరబడి చికిత్సతో నెట్టుకొచ్చినా ఆయుష్షు తగ్గించే జబ్బులు రెండోది. కండరాలు క్రమంగా క్షీణించే డుషెన్ డిస్ట్రోఫీని ఇక్కడ చేరుస్తారు. మొదటినుంచీ మందే లేక ముదురుతూ పోయే జన్యుసంబంధ జబ్బులు మూడోది. ఇక నాలుగోది తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికల అదుపు తప్పే స్థితి) లాంటివి: జబ్బు ముదరదు, కానీ మాటిమాటికీ న్యుమోనియా, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెస్తుంటాయి. అంటే పాలియేటివ్ అనగానే క్యాన్సర్ వార్డే గుర్తుకు రావడం సగం కూడా సరైన ఊహ కాదు. మండలంలోని పీహెచ్‌సీకి సెరిబ్రల్ పాల్సీ బిడ్డను చంకనెత్తుకుని వచ్చే తల్లి కూడా ఈ లెక్కలోని మనిషే.

ప్రపంచం మొత్తం మీద సుమారు 2.1 కోట్ల మంది పిల్లలకు ఏటా ఈ సేవ అవసరమని 2017లో వచ్చిన అంచనా. వారిలో ప్రత్యేక నిపుణుల సాయం తప్పనిసరి అయ్యేవారు 80 లక్షల పైచిలుకు. మిగతా కోటీ ముప్పై లక్షల మందికి మామూలు వార్డు నర్సు, మామూలు డాక్టరు కాస్త శిక్షణతో చేయగలిగిందే సరిపోతుంది. ఈ తీసివేత చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఈ రంగానికి పునాది వేసినవారిలో నర్సులున్నారు. పిల్లల కోసమే కట్టిన తొలి హాస్పిస్ (పాలియేటివ్ సేవ అందించే ఇల్లు) హెలెన్ హౌస్ 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో తెరుచుకుంది. దాన్ని స్థాపించిన సిస్టర్ ఫ్రాన్సెస్ డొమినికా నర్సు, క్రైస్తవ సన్యాసిని. మన దగ్గర ఈ పనికి ముందునుంచీ చిరునామాలుగా ఉన్నవి ముంబైలో టాటా మెమోరియల్, హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి.

మాట రాని బిడ్డ నొప్పిని అంకెగా రాయడం

పసిపిల్లలకు నొప్పి తెలియదని వైద్యం చాలాకాలం నమ్మింది. 1980ల దాకా చాలాచోట్ల నెలలు నిండని పిల్లలకు సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. శిశువులకు మత్తు ఇచ్చి చేస్తే కోలుకోవడం మెరుగ్గా ఉంటుందని 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న భారతీయ సంతతి వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్ బృందం చూపించాక ఆ నమ్మకం కూలడం మొదలైంది. పూర్తిగా కూలిందని మాత్రం అనలేం. "చిన్నపిల్లాడు కదా, అలాగే ఏడుస్తాడు" అన్న మాట ఇప్పటికీ వార్డుల్లో వినిపిస్తుంది. ఏడవకుండా గోడవైపు తిరిగి పడుకున్న పిల్లాడి మీదికి ఎవరి దృష్టీ పోదు. చాలా రోజులు నొప్పి పడ్డ పిల్లలు ఏడుపు మానేస్తారు, కదలడం తగ్గిస్తారు, ఆడటం మానేస్తారు. నొప్పిని చూడటం తెలిసిన నర్సుకు ఆ నిశ్శబ్దమే మొదటి అనుమానం.

అందుకే నర్సుకు ముందుగా కావలసింది కొలబద్ద. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు సున్నా నుంచి పది దాకా అంకె చెప్పగలరు. నాలుగైదేళ్ల వారు ముఖాల బొమ్మలు చూసి వేలు పెట్టగలరు. అంతకన్నా చిన్నవారికీ, మాట రానివారికీ 1997లో అమెరికాలో మిషిగన్ బృందం ప్రచురించిన ఫ్లాక్ స్కేలు ఉంది. ఆ బృందానికి ముందు నిలిచిన సాండ్రా మెర్కెల్ నర్సే. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపు అని ఐదింటిని చూసి ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న రెండేళ్ల పాప. మధ్యమధ్యలో నొసలు చిట్లిస్తోంది, 1. కాళ్లు కడుపులోకి ముడుచుకుని తాకనివ్వడం లేదు, 2. పక్క మీద అటూ ఇటూ మెలికలు తిరుగుతోంది, 1. సన్నగా మూలుగుతోంది, 1. అమ్మ ఎత్తుకుంటే కాసేపు ఊరుకుంటోంది, 1. మొత్తం ఆరు. మందు ఇచ్చిన గంటకు మళ్లీ చూస్తే రెండు. ఈ రెండు అంకెలూ కేస్‌షీట్‌లో ఉంటే తెల్లవారి రౌండ్స్‌లో డాక్టరు మోతాదు గురించి ఆలోచిస్తారు. "పాప రాత్రంతా ఏడ్చింది సార్" అని నోటిమాటగా చెబితే "చూద్దాం" అంటారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నర్సు మాటకు బరువు వచ్చేది ఇక్కడే.

చిక్కు సెరిబ్రల్ పాల్సీ పిల్లల దగ్గర వస్తుంది. వారి కాళ్లు మామూలుగానే బిగుసుకుని ఉంటాయి, ముఖం మామూలుగానే వంకరపోతుంది. స్కేలు ఉన్నదున్నట్టు వాడితే లేని నొప్పి కనిపిస్తుంది, ఉన్న నొప్పి తప్పిపోతుంది. దీనికోసం స్కేలును సవరించారు: ఈ బిడ్డకు నొప్పి వస్తే ప్రత్యేకంగా ఏం చేస్తాడో తల్లిని అడిగి, ఆ గుర్తులను కాగితం మీదికి ఎక్కిస్తారు. "నొప్పొస్తే వీడు నవ్వినట్టు పళ్లు బిగిస్తాడు సిస్టర్" అని ఒక తల్లి చెబితే ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ దొరకదు.

పన్నెండు కిలోల బిడ్డ, పది మిల్లీగ్రాముల బిళ్ల

క్యాన్సర్ లాంటి జబ్బుల్లో పిల్లల నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో రెండు మెట్ల పద్ధతి చెప్పింది. తక్కువ నొప్పికి పారాసిటమాల్ లేదా ఐబూప్రొఫెన్, అంతకు మించితే నేరుగా మార్ఫిన్, అంటే నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు. మధ్య మెట్టుగా ఉండే కోడీన్‌ను తీసేశారు. అది ఒంట్లోకి వెళ్లాక మార్ఫిన్‌గా మారే వేగం జన్యువులను బట్టి మారిపోతుంది. ఒక బిడ్డకు అది పనే చేయదు, మరో బిడ్డకు ప్రమాదమవుతుంది.

పెద్దవాళ్లకు ఒక బిళ్ల, రెండు బిళ్లలు అని చెప్పి సరిపెట్టవచ్చు. పిల్లల దగ్గర ప్రతి మోతాదూ కిలోల లెక్క. నాలుగేళ్ల పాప, బరువు 12 కిలోలు. కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టమని డాక్టరు రాశారనుకుందాం. 2.4 మిల్లీగ్రాములు. చేతిలో ఉన్నది 10 మిల్లీగ్రాముల బిళ్ల. దాన్ని నలగ్గొట్టి 10 మిల్లీలీటర్ల నీటిలో బాగా కలిపితే ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము, అంటే సిరంజీలోకి తీయవలసింది 2.4 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకోసారి చొప్పున రోజుకు ఆరుసార్లు, మొత్తం 14.4 మిల్లీగ్రాములు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇచ్చే అదనపు మోతాదు ఈ రోజువారీ మొత్తంలో 5 నుంచి 10 శాతం, అంటే 0.7 నుంచి 1.4 మిల్లీగ్రాములు. ఇక్కడ దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. నోటి ద్వారా ఇచ్చే మోతాదునే పొరపాటున సిరలోకి ఎక్కిస్తే ప్రభావం రెండు మూడింతలు. ఇంజక్షన్ ఆంప్యూల్‌లో ఒక్క మిల్లీలీటరులోనే 10 లేదా 15 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇదంతా రాత్రి రెండింటికి, మసక వెలుతురులో, ఒక్క నర్సు చేసే లెక్క. రెండో మనిషి సరిచూడాలని నియమం ఉంటుంది, ఆ రెండో మనిషే ఉండకపోవచ్చు. మోతాదు చార్టు గోడ మీద ఉండటం, చిన్న గీతలున్న నోటి సిరంజీలు స్టాకులో ఉండటం, ఆ రోజు బరువు తూచి రాసి ఉండటం, ఇవి ఖరీదైన వస్తువులేం కావు. అయినా చాలాచోట్ల వీటి దగ్గరే పని ఆగిపోతుంది.

ఆర్డర్ రాసే తీరు కూడా నర్సు పనిని మార్చేస్తుంది. "అవసరమైతే ఇవ్వండి" అని రాస్తే నొప్పి వచ్చి, పాప ఏడ్చి, తల్లి వచ్చి పిలిచి, నర్సు నమ్మి, మార్ఫిన్ బీరువా తాళాలు తెచ్చి, రిజిస్టరులో రాసి, మందు కలిపేసరికి ముప్పావు గంట. ఆపైన అది పనిచేయడానికి ఇంకో అరగంట. గడియారం ప్రకారం ఇవ్వమని రాస్తే ఈ పరుగు తప్పుతుంది. అందుకే ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో సమయం ప్రకారం ఇవ్వడం ఒక మూలసూత్రం.

ఇక భయాలు. మార్ఫిన్ ఇస్తే బిడ్డకు అలవాటవుతుందని తల్లిదండ్రులకు, ఊపిరి ఆగుతుందని సిబ్బందికి. నొప్పికి తగ్గట్టు మెల్లగా పెంచుతూ ఇస్తే ఊపిరి మందగించడం అరుదు. దానికి ముందు మగత కనిపిస్తుంది కాబట్టి, లేపితే లేస్తోందా లేదా అని చూడటం నేర్చిన నర్సుకు హెచ్చరిక ముందే అందుతుంది. మొదటి రెండు మూడు రోజుల మగత సాధారణంగా తగ్గిపోతుంది. తగ్గనిది మలబద్ధకం, అందుకే విరేచనం మందు మార్ఫిన్‌తో పాటే మొదలుపెడతారు. నర్సులను లోపల తొలిచే భయం ఇంకొకటి ఉంది: నేను ఇచ్చిన డోసు తర్వాత బిడ్డ పోతే? చివరి రోజుల్లో ఏదో ఒక డోసు చివరిది అవక తప్పదు. నొప్పికి సరిపడా కొలిచి ఇచ్చిన మార్ఫిన్ చావును తొందరపెట్టదని ఆమెకు ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉండాలి. బిడ్డ పోయిన మర్నాడు చెప్తే ఓదార్పులా ఉంటుంది తప్ప సమాచారంలా ఉండదు.

మార్ఫిన్ బీరువా తాళంచెవి కథ చట్టం నుంచి మొదలవుతుంది. ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే అతి కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో గసగసాల పంట, నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ ఫ్యాక్టరీలు. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల గొడవకు జడిసి ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి, మార్ఫిన్ సహా ఆరు మందులను అత్యవసర నార్కోటిక్ మందులుగా గుర్తించి, గుర్తింపు పొందిన ఆస్పత్రులకు అనుమతులను తేలిక చేశారు. కాగితం మీద దారి తెరుచుకున్నా, స్టాకు తెప్పించే ఆసక్తి లేని ఆస్పత్రిలో అది నర్సు చేతిదాకా రాదు.

అసలు నర్సే మార్ఫిన్ రాయవచ్చా? ఉగాండా 2004 నుంచీ, ప్రత్యేక శిక్షణ పొందిన పాలియేటివ్ నర్సులకు నోటి మార్ఫిన్ రాసే అధికారం ఇచ్చింది. డాక్టర్లు దొరకని పల్లెలకు నొప్పి మందు చేరడానికి అదే దారి అయింది. మన దేశంలో ఆ వీలు లేదు. ఆ అధికారం ఇవ్వాలనేవారు, ఇంటికి వెళ్లి చూసేది నర్సే కదా, ఆమె కళ్లముందు బిడ్డ గిలగిల్లాడుతుంటే డాక్టరు ఫోన్ ఎత్తేదాకా ఆగడమేమిటంటారు. వద్దనేవారు మోతాదు పొరపాట్లు, మందు పక్కదారి పట్టడం, జవాబుదారీతనం గురించి అడుగుతారు. ఆ ప్రశ్నల్లో బలం ఉంది. అయితే ప్రసవాల విషయంలో నర్సుకు అదనపు శిక్షణ ఇచ్చి పరిధి పెంచే ప్రయత్నం తెలంగాణ 2017లో మిడ్‌వైఫరీ కోర్సుతో మొదలుపెట్టింది. కాబట్టి నర్సు పరిధి పెంచడం అనే ఆలోచనే మనకు కొత్త అనడానికి లేదు. ఈలోగా ఇరుపక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది: డాక్టరు ముందే రాసిపెట్టిన, ఎంత నొప్పికి ఎంత అని స్పష్టంగా ఉన్న ఆర్డర్ షీటు.

"అక్కా, నేను చచ్చిపోతానా?"

ఈ ప్రశ్న పిల్లలు డాక్టరును అడగరు. అర్ధరాత్రి టెంపరేచర్ చూడటానికి వచ్చిన నర్సును అడుగుతారు, అమ్మ నిద్రపోయిందని చూసుకుని మరీ.

1970లలో అమెరికన్ మానవశాస్త్రవేత్త మైరా బ్లూబాండ్ లాంగ్నర్ లుకేమియా వార్డులో నెలల తరబడి మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మధ్య గడిపి గమనించింది ఇదే: ఎవరూ చెప్పకపోయినా తాము చనిపోబోతున్నామని పిల్లలకు తెలిసిపోతోంది. పక్క బెడ్డు ఖాళీ అవడం, పెద్దల గుసగుసలు, మందులు మారడం చూసి వాళ్లే కూడగట్టుకుంటున్నారు. తెలిసిన సంగతి అమ్మానాన్నలకు తెలియనివ్వకుండా జాగ్రత్త కూడా పడుతున్నారు. పెద్దలు పిల్లల కోసం, పిల్లలు పెద్దల కోసం నటించడం.

చెప్పాలా వద్దా అన్నదాని మీద గట్టి లెక్క స్వీడన్ నుంచి వచ్చింది. క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను అడిగితే, బిడ్డతో మరణం గురించి మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా ఎందుకు మాట్లాడామా అని అనుకోలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది, అంటే 27 శాతం, మాట్లాడి ఉండాల్సిందని బాధపడ్డారు. 2004లో వచ్చిన ఈ అధ్యయనాన్ని చెప్పాలనేవారందరూ చూపిస్తారు. ఆ అంకెల్లో రెండోవైపు కూడా చదవాలి: మాట్లాడనివారిలో దాదాపు ముప్పావు వంతు మందికి ఆ విషయంలో చింత లేదు. పైగా అది స్వీడన్. మన ఇళ్లలో నోటితో అశుభం పలికితే తథాస్తు దేవతలు ఉంటారనుకునే అమ్మమ్మ, జబ్బు పేరే పలకొద్దనే మేనమామ, కోడలికి చెప్పకుండా కొడుకుకే చెప్పమనే మామగారు, అందరూ బెడ్డు చుట్టూ ఉంటారు. వాళ్లు మూఢులు కారు. బిడ్డ ధైర్యం చెదరకూడదన్నది వాళ్ల వాదన, అందులోనూ ప్రేమే ఉంది.

ఈ రెండు వైపుల మధ్య నలిగేది నర్సు. బిడ్డకు అబద్ధం చెప్పలేదు, ఇంటివాళ్ల మాట దాటలేదు. దీనికి శిక్షణలో నేర్పేది ఒక చిన్న మెళకువ: జవాబుకు ముందు ప్రశ్న. "ఎందుకలా అనిపించింది నాన్నా?" అని అడిగితే ఒక్కో బిడ్డ ఒక్కోటి చెప్తాడు. "పక్క బెడ్ చింటూ వాళ్ల అమ్మ ఏడ్చింది" అంటాడు ఒకడు. "నేను పోతే నా సైకిల్ తమ్ముడు విరగ్గొడతాడు" అంటాడు ఇంకొకడు. "రేపటి ఇంజక్షన్ వెన్నులోనా?" అన్నదే అసలు భయం అయిన బిడ్డ కూడా ఉంటుంది. మూడింటికీ చెప్పే జవాబులు వేరు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు చావు అంటే ఊరెళ్లి మళ్లీ వచ్చేదే. ఆ వయసులో నేను అల్లరి చేశాను కాబట్టే జబ్బొచ్చింది అని కూడా అనుకుంటారు, అది నీ తప్పు కాదని చెప్పడమే అప్పుడు పెద్ద మందు. తిరిగి రాకపోవడం అన్నది ఏడు, ఎనిమిది, తొమ్మిదేళ్లప్పుడు స్థిరపడుతుంది. టీనేజీ పిల్లలకు అన్నీ తెలుసు, అడిగేది ఎవర్ని అన్నదే వాళ్ల సమస్య.

"నాకు తెలియదు కన్నా, కానీ నొప్పి లేకుండా చూసుకుంటాం, నేను ఇక్కడే ఉంటాను" అనే మాట అబద్ధం కాదు, ఇంటివాళ్ల హద్దూ దాటదు. ఆ మాట అనడానికి నర్సుకు టీము మద్దతు కావాలి. రాత్రి బిడ్డ ఇలా అడిగాడని పొద్దున డాక్టరుకు చెబితే, "నువ్వెందుకు మాట్లాడావు?" అనే చోట ఏ నర్సూ రెండోసారి ఆ మంచం మీద కూర్చోదు.

అన్నం, ఇల్లు, అద్దె ఇల్లు

చివరి రోజుల్లో బిడ్డ తినడం మానేస్తే ఇంటిల్లిపాదికీ అది నొప్పి కన్నా పెద్ద సమస్య. "ఖాళీ కడుపుతో ఎలా పంపుతాం సిస్టర్?" అంటారు. శరీరం మూసుకుంటున్న దశలో ఆకలి పోతుంది, బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ట్యూబు ద్వారా పోస్తే వాంతులు, ఉబ్బరం పెరగవచ్చు. ఇది ఒక వైపు. అదే ట్యూబు మింగలేని సెరిబ్రల్ పాల్సీ బిడ్డకు ఏళ్ల తరబడి ప్రాణాధారం కూడా. ట్యూబు మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, ఏ బిడ్డకు, ఏ దశలో అని తిరిగి అడగాలి. తిండి పెట్టవద్దని చెప్పి చేతులు దులుపుకుంటే తల్లికి చేయడానికి ఏమీ మిగలదు. అనుభవం ఉన్న నర్సు ఆమె చేతికి పని ఇస్తుంది: తడి దూదితో పెదవులు తుడవడం, చెంచాతో రెండు చుక్కలు, వాడికిష్టమైన ఐస్‌ఫ్రూట్ నాలుక మీద రాయడం. తులసి తీర్థమో, జమ్‌జమ్ నీళ్లో రెండు చుక్కలు పెట్టాలని ఇంటివాళ్లకు ఉంటుంది. తల కాస్త పైకెత్తి ఎలా పెట్టాలో చూపించడం నర్సింగ్ పనే.

ఇంట్లో కన్నుమూయాలని చాలా కుటుంబాల కోరిక. దానికి ఇల్లు ఒకటి ఉండాలి. హైదరాబాద్‌లో ఆస్పత్రి పక్కన అద్దెకు దిగినవాళ్లకు ఓనర్ ఒప్పుకోడు. అద్దె ఇంట్లో చావు జరగనివ్వని పట్టింపు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎరిగినదే. ఊరికి తీసుకెళ్దామంటే ఎప్పుడు బయల్దేరాలన్నది చిక్కు. ఆలస్యమైతే దారిలోనే పోవచ్చు, తొందరపడితే మందు అందని చోట రోజులు గడవాలి. ఆస్పత్రిలోనే జరిగితే తెలంగాణలో ప్రభుత్వ పరమపద వాహనం, ఆంధ్రాలో మహాప్రస్థానం వాహనం ఉచితంగా ఊరికి చేర్చే ఏర్పాటు ఉందని నర్సుకు తెలిస్తే, ఆ ఇంటివాళ్లు బయట అంబులెన్స్ బేరాల బారిన పడరు. వైద్యశాస్త్రంలో ఇలాంటివి ఉండవు గానీ వార్డులో వీటి అవసరం రోజూ ఉంటుంది.

ఇంటికి పంపేటప్పుడు బ్యాగులో ఏముండాలన్నది ఇంకో పాఠం. మార్ఫిన్, విరేచనం మందు, వాంతుల మందు, ఫిట్స్ వస్తే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే, వాటి మీద తెలుగులో రాసిన చీటీ. దానికన్నా ముఖ్యం, రాత్రి ఎత్తే ఫోన్ నంబరు. తెలంగాణలో జిల్లా స్థాయి పాలియేటివ్ కేంద్రాల నుంచి నర్సులు వాహనంలో ఇళ్లకు వెళ్లే పద్ధతి ఉంది. కేరళలో స్థానిక సంస్థలు, వలంటీర్లు కలిసి ఇదే పనిని ఊరూరా విస్తరించారు. అయితే ఇళ్లకు వెళ్లే నర్సులకు ఎక్కువగా అలవాటయ్యేది పెద్దల క్యాన్సర్, పక్షవాతం కేసులు. ఆరు కిలోల బిడ్డ ఎదురైతే చెయ్యి వణకడం సహజం. ఆమెకు ఆ క్షణంలో కావలసింది వీడియో కాల్‌లో పిల్లల నర్సో, పిల్లల డాక్టరో.

నర్సు ఏడవచ్చా?

ఇంటివాళ్ల ముందు కన్నీళ్లు పెట్టకూడదని పాత తరం సిస్టర్లు నేర్పారు. రెండు కన్నీటి చుక్కలు రాలితే తప్పేం కాదని, తల్లిదండ్రులకు తమ బిడ్డ ఒక కేసు నంబరు కాదని అది చెబుతుందని ఇప్పటివాళ్లు అంటారు. ఓదార్చాల్సినవారే ఓదార్పు అడిగే స్థితికి రాకూడదన్న హద్దు దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు.

నర్సులను అలసిపోయేలా చేసేది మరణాల సంఖ్య ఒక్కటే కాదు. ఏది సరైనదో తెలిసీ చేయలేకపోవడం. నొప్పి ఎనిమిది అని రాసింది, మందు పెంచలేదు. ఇంటికెళ్తానన్నాడు, ఐసీయూకు మార్చారు. దీనికి నైతిక వేదన అని పేరు. 1984లో అమెరికన్ తాత్వికుడు ఆండ్రూ జేమ్టన్ నర్సుల గురించి రాస్తూనే ఈ మాట తెచ్చాడు. యోగా క్లాసు పెట్టినంత మాత్రాన ఇది పోదు, ఆమె రాసిన ఎనిమిదిని ఎవరో ఒకరు చదివి కదలాలి. బిడ్డ పోయాక టీమంతా అరగంట కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకునే పద్ధతి కొన్ని ఆస్పత్రుల్లో ఉంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆస్పత్రి ఎమర్జెన్సీ నర్సు జొనథన్ బార్టెల్స్ మొదలుపెట్టిన పద్ధతి అయితే ఒక్క నిమిషమే: ప్రాణం పోయాక అందరూ చేస్తున్న పని ఆపి, మౌనంగా నిలబడి, ఆపైన కదలడం. దానికి బడ్జెట్ అక్కర్లేదు. మన వార్డులో మాత్రం ఆ నిమిషంలో తర్వాతి అడ్మిషన్ స్ట్రెచర్ మీద తలుపు దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

శిక్షణ దగ్గర రెండు వాదాలు. పిల్లల పాలియేటివ్ కేర్‌లో ప్రత్యేక కోర్సు చేసిన నర్సులను తయారుచేయాలని ఒకటి. ప్రతి నర్సుకూ ప్రాథమికంగా నేర్పాలని మరొకటి. ఇందాకటి తీసివేత ఇక్కడ పనికొస్తుంది: 2.1 కోట్లలో కోటీ ముప్పై లక్షల మందికి ప్రాథమిక జ్ఞానమే చాలు, కాబట్టి రెండో వాదానికి బరువెక్కువ. కానీ మిగిలిన 80 లక్షల మంది దగ్గర ఆ ప్రాథమిక నర్సు చిక్కుకున్నప్పుడు ఫోన్ చేయడానికి ఒక నిపుణురాలు లేకపోతే ఆ ప్రాథమిక శిక్షణా వృథాయే. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో మార్చిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో పాలియేటివ్ కేర్ మాడ్యూల్ చేరింది. హైదరాబాద్ కేంద్రంగా ప్రాజెక్ట్ ఎకో పద్ధతిలో పిల్లల పాలియేటివ్ కేర్ పాఠాలు ఆన్‌లైన్‌లో నడిచాయి, దూరాన ఉన్న ఆస్పత్రుల సిబ్బంది తమ కేసులు పెట్టి చర్చించుకునే వీలు అందులో ఉంది. తిరువనంతపురంలో పాలియం ఇండియా ఏళ్లుగా శిక్షణ ఇస్తోంది. అంటే నేర్చుకునే చోట్లు లేవనలేం.

అయితే నేర్చుకుని వచ్చిన నర్సు ఎక్కడ పనిచేస్తుందో చూడండి. ప్రభుత్వ ఆస్పత్రిలో వార్డు రొటేషన్. ఫ్లాక్ స్కేలు చేతికి అలవాటై, మార్ఫిన్ లెక్క నోటికి వచ్చి, పిల్లల ప్రశ్నలకు తడబడటం మానిన సమయానికి ఆర్థో వార్డుకో, ఓపీకో డ్యూటీ పడుతుంది. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నామె అయితే కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోతుంది, లేదా గల్ఫ్‌కో, బ్రిటన్‌కో పరీక్ష రాస్తుంది. ఆమె స్థానంలోకి వచ్చిన కొత్త అమ్మాయి మళ్లీ మొదటినుంచి. రొటేషన్‌కు కారణాలున్నాయి: ఇలాంటి వార్డులో ఏళ్ల తరబడి ఉంటే మనిషి ఎండిపోతుందని, కష్టం అందరికీ పంచాలని సూపరింటెండెంట్లు అంటారు. కాదనలేం. ఉండాలని కోరుకునేవారిని ఉంచి, విరామం కావాలన్నప్పుడు కొన్ని నెలలు వేరే చోటికి పంపి, మళ్లీ రానిచ్చే మధ్యేమార్గం ఉంది. అలా చేయాలంటే పాలియేటివ్ నర్సు అనే పోస్టు మంజూరై, జీతాల పట్టికలో ఒక వరుసగా ఉండాలి.